మంచులో మొవ్వు: న్యూజెర్సీ పెరట్లో మూడు పామ్ మొక్కల డైరీ

ఏప్రిల్ 20, 2024, శనివారం

మూడు అట్టపెట్టెలు వచ్చాయి. ఒకదాంట్లో విండ్‌మిల్ పామ్, ఒకదాంట్లో నీడిల్ పామ్, మూడోదాంట్లో సబాల్ మైనర్. మూడూ పామ్‌లే, అంటే తాటి, కొబ్బరి కుటుంబం మొక్కలు. మొత్తం 130 డాలర్లు. మా ఆయనకు 80 అని చెప్పాను. ఈ డైరీ ఆయన ఎలాగూ చదవరు.

ఎడిసన్ దగ్గర ఇల్లు కొని నాలుగేళ్లయింది. కరివేపాకు, మల్లె, తులసి అన్నీ కుండీల్లోనే. నవంబరు రాగానే లోపలికి మోయాలి, మే వచ్చాక బయటికి మోయాలి. మధ్యలో ఆర్నెల్లు హాల్లో ఆ కుండీల సందుల్లోంచి పక్కకి తిరిగి నడవడమే. ఒక్క మొక్కైనా నేలలో పాతుకుని, మంచు పడ్డా అక్కడే నిలబడేది కావాలనిపించింది. అది చెరువుగట్టు మీది తాటిచెట్టును కాస్తయినా గుర్తుచేస్తే ఇంకా మంచిది.

తాటి ఇక్కడ బతకదు. కొబ్బరి మాట ఎత్తనే అక్కర్లేదు. అమెరికా వ్యవసాయ శాఖ 2023 నవంబరులో కొత్త జోన్ల మ్యాపు ఇచ్చింది. ఏడాది మొత్తంలో అన్నిటికన్నా చల్లటి రాత్రి ఎంతకు పడిపోతుందో 1991 నుంచి 2020 దాకా సగటు తీసి గీసిన మ్యాపు అది. మాది జోన్ 7. అంటే ఆ ఒక్క రాత్రి 0 నుంచి 10 ఫారన్‌హీట్ మధ్యకు దిగొచ్చు. మన లెక్కలో మైనస్ 18 నుంచి మైనస్ 12 డిగ్రీలు. అది సగటే కాబట్టి ఒక్కో ఏడు అంతకన్నా కిందికీ పోవచ్చు.

ఈ చలిలో బతికే అవకాశం ఉన్నవే ఈ మూడూ. నీడిల్ పామ్‌ది అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు, జార్జియా, ఫ్లోరిడా వైపు అడవుల్లో నీడన పెరుగుతుంది. బాగా వేళ్లూనుకున్నది మైనస్ 20 దాకా ఓర్చుకుంటుంది. పామ్‌లన్నిటిలో చలికి మొండిది ఇదేనని పేరు. సబాల్ మైనర్‌కి మాను నేలలోపలే ఉంటుంది, ఆకులే పైకి కనిపిస్తాయి. విండ్‌మిల్ చైనాది, ఈ మూడింట్లో చలికి కాస్త మెతక. కానీ పైకి మాను కట్టేది ఇదొక్కటే. మాను చుట్టూ గోధుమరంగు పీచు, పైన విసనకర్రల్లాంటి ఆకులు. నా మనసు దీని మీదే పడింది. మిగతా రెండూ, నిజం చెప్పాలంటే, తోడు పెళ్లికూతుళ్లు.

రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లండ్ మొక్కల వేటగాడు చైనా నుంచి విండ్‌మిల్ మొక్కల్ని ఇంగ్లండ్ పంపితే, 1851లో ఒకదాన్ని విక్టోరియా రాణి ఆస్‌బోర్న్ హౌస్‌లో నాటారట. శాస్త్రీయ నామంలో ఫార్చ్యునై అని ఉన్నది ఆయన పేరే. ఇంగ్లండ్‌లో అయితే సముద్రం చలిని తగ్గిస్తుంది. మాకు కెనడా గాలి సరాసరి వచ్చి తగులుతుంది.

మే 4

చోటు కోసం చలికాలం నుంచీ చూస్తున్నా. ఫిబ్రవరిలో మంచు పడినప్పుడు పెరట్లో ముందు ఎక్కడ కరుగుతుందో ఫొటోలు తీసి పెట్టుకున్నాను. ఇటుకల చిమ్నీకి దక్షిణాన ఆరడుగుల మేర అన్నిటికన్నా ముందు నేల కనబడింది. వాయవ్యం గాలిని ఇల్లే ఆపుతుంది, పగలు కాగిన ఇటుక రాత్రి కొంచెం వెచ్చదనం వదులుతుంది. విండ్‌మిల్ అక్కడికి. నీడిల్ పామ్‌కి కంచె పక్కన మేపుల్ నీడ. సబాల్‌కి మిగిలిన మూల.

ఇక మట్టి. అడుగు తవ్వితే ఎర్ర షేల్ రాయి ముక్కలు, వాటి మధ్య బంకమన్ను. గోతిలో బకెట్ నీళ్లు పోసి కాఫీ తాగొచ్చి చూశా, అలాగే ఉన్నాయి. రెండు గంటలకి కూడా సగమే ఇంకాయి. చలికాలంలో ఇలా నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లడం ఖాయం. అందుకని గోయి తవ్వే ఆలోచన మానేసి, అడుగు ఎత్తున దిబ్బ వేశాను. ఉన్న మట్టిలోనే ముతక ఇసుక, పైన్ బెరడు పొట్టు కలిపి.

మే 11

నాటేశాను. వేర్ల ముద్దను కదిలించకుండా, కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతున. మాను మొదలు మట్టిలో పూడిస్తే కుళ్లుతుంది. పామ్‌లని వసంతంలోనే నాటాలి, చలి వచ్చేలోపు కొత్త వేళ్లు దిగడానికి ఒక పూర్తి వేసవి కావాలి వాటికి.

సాయంత్రం బాబాయ్‌కి వీడియో కాల్. అంబాజీపేట దగ్గర ఆయనకు కొబ్బరితోట. ఫోన్ దగ్గరగా పెట్టి చూపించమని అడిగాడు.

“గోతిలో ఉప్పేశావా అమ్మాయ్?”

“ఇది కొబ్బరి కాదు బాబాయ్.”

“ఆ పీచు చూస్తుంటే కొబ్బరికి చెల్లెల్లా ఉందే. సరే, మొవ్వు జాగ్రత్త. పామ్ అన్నా కొబ్బరన్నా ప్రాణం అక్కడే.”

ఇక్కడివాళ్లు దాన్ని స్పియర్ అంటారు, ఈటె అన్నమాట. నడిమధ్యలోంచి మడతలు విప్పకుండా నిటారుగా వచ్చే లేతాకు. మనకి చిన్నప్పటినుంచీ ఉన్న మాట ఉండగా ఈటె ఎందుకు? ఈ డైరీలో మొవ్వే.

జూన్ 9

ఎదుగుతోందో లేదో తెలుసుకునే చిట్కా ఒకటి పట్టాను. మొవ్వు మీద, దాని పక్కనే ఉన్న ముదురాకు మట్ట మీద ఒకే వరసలో మార్కర్‌తో అడ్డగీత గీయాలి. ముదురాకు కదలదు. మొవ్వు లోపలినుంచి తోసుకొస్తుంది కాబట్టి దాని మీది గీత పైకి జరుగుతుంది. రెండు గీతల మధ్య దూరమే ఎదుగుదల.

విండ్‌మిల్: వారానికి 6 సెంటీమీటర్లు. సబాల్: 2. నీడిల్ పామ్: గీత వెడల్పంత కూడా లేదు. మార్కర్ తప్పా, నా కళ్లు తప్పా అని మళ్లీ గీశాను.

ఆగస్టు 18

విండ్‌మిల్ ఇప్పటికి నాలుగు కొత్త ఆకులు విప్పింది. ఎరువు ఇక ఆపేశాను, ఇప్పుడు నత్రజని ఇస్తే లేతగా పెరిగి చలికి దొరికిపోతుంది. పక్కింటాయన కంచె మీదుగా చూసి అది ప్లాస్టిక్‌దా అని అడిగాడు. నీడిల్ పామ్ ఒక ఆకు విప్పింది. దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

అక్టోబరు 27

నెల రోజులుగా చుక్క లేదు. న్యూజెర్సీలో ఇంత పొడి నెల ఎప్పుడూ చూడలేదని వార్తల్లో రోజూ చెబుతున్నారు. అక్కడక్కడా అడవులు అంటుకుంటున్నాయి, పెరట్లో నిప్పు రాజేయొద్దన్నారు. బార్బెక్యూ బొగ్గులు గరాజ్‌లోనే ఉండిపోయాయి.

చలికాలానికి ముందు పొడినేల మంచిదేగా, కుళ్లు రాదు అనుకున్నా మొదట. పొరపాటు. ఎండిన మట్టి త్వరగా చల్లబడుతుంది, తడిగా ఉన్న మట్టి పగటి వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. పైగా పామ్ ఆకులు చలికాలమంతా పచ్చగానే ఉంటాయి, గాలి వాటిలో తేమను లాగేస్తూనే ఉంటుంది. నేల గడ్డకట్టాక వేళ్లు ఆ నీళ్లు తిరిగి ఇవ్వలేవు. అందుకని ఆదివారం ఆదివారం మొక్కకి రెండు బకెట్లు. కరువు కదా, బట్టలు జాడించిన నీళ్లు పోద్దామా అంటే తొలిసారివి వద్దని మా అత్తగారు అన్నారు, రెండోసారి జాడించినవి పర్వాలేదట. నేను కొళాయి నీళ్లే పోశాను, ఆవిడకి చెప్పలేదు. (ఈ డైరీలో చెప్పని విషయాలు ఎక్కువవుతున్నాయి.)

నవంబరు 30

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో పెట్టె కట్టాం. మా ఆయన సాయం పట్టారు.

రెండంగుళాల మందం గట్టి ఫోమ్ షీట్లు, నాలుగడుగులకు ఎనిమిదడుగులవి. వాటిని కోసి విండ్‌మిల్ చుట్టూ నాలుగు గోడలు నిలబెట్టి, మూలల్లో టేపు వేశాం. ఆకుల్ని మెత్తటి తాడుతో పైకి కట్టాను, జడ వేసినట్టు. పైన మూత. మూతకి చాలినంత ముక్క మిగల్లేదు కాబట్టి రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి నడిమధ్యలో టేపు వేశాం. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

వేడికి క్రిస్మస్ దీపాలు. పాతకాలం ఫిలమెంటు బల్బుల దండ కావాలి, సీ9 అంటారు, ఒక్కోటి 7 వాట్లు. 25 బల్బులు, మొత్తం 175 వాట్లు. ఎల్‌ఈడీ దండ కరెంటు తక్కువ తింటుంది, అందంగానూ ఉంటుంది గానీ పెద్దగా వేడి ఇవ్వదు. మనకి కావలసింది ఫిలమెంటు వృథా చేసే ఆ వేడే. ప్లగ్ దగ్గర థెర్మోక్యూబ్ అని చిన్న డబ్బా. గాలి 35 ఫారన్‌హీట్‌కి (1.7 సెల్సియస్) దిగితే తనే కరెంటు ఇస్తుంది, 45కి (7 సెల్సియస్) చేరితే ఆపేస్తుంది. దాన్ని పెట్టె లోపలే పెట్టాలి, అప్పుడే లోపలి చలి దానికి తెలుస్తుంది. పెట్టెలో ఒక వైఫై సెన్సర్, బయట గోడకి ఇంకొకటి. లోపల 30 ఫారన్‌హీట్‌కి తగ్గితే ఫోన్ మోగేలా పెట్టాను.

సబాల్ మీద ఆరంగుళాల ఆకుచెత్త పోసి పైన బుర్లాప్ గోనెగుడ్డ కప్పాను. నీడిల్ పామ్‌కి ఏమీ చేయలేదు. వాషింగ్టన్ నేషనల్ ఆర్బొరేటమ్ అనే చెట్ల తోటలో అవి ఏళ్ల తరబడి ఆరుబయటే ఉన్నాయి. పైగా నా దగ్గర ఫోమ్ అయిపోయింది.

డిసెంబరు 22

రాత్రి బయట 12 ఫారన్‌హీట్ (మైనస్ 11). పెట్టెలో 37. పొద్దున్నే ఫోన్లో లోపలి, బయటి ఉష్ణోగ్రతల గీతలు రెండూ చూస్తే పిల్లల ప్రోగ్రెస్ కార్డు చూసినంత ఆనందం. చీకట్లో పెట్టె సందుల్లోంచి ఎర్రగా, ఆకుపచ్చగా వెలుగు. వీధిలో అందరూ క్రిస్మస్ అలంకారం అనుకుంటున్నారు.

పగలు 40 ఫారన్‌హీట్ దాటితే మూత తీసి గాలి ఆడనిస్తున్నా. లేకపోతే లోపల ఆవిరి పట్టి బూజు వస్తుంది.

జనవరి 20, 2025

నిన్న మంచు పడింది. రేపటినుంచి రెండు మూడు రాత్రులు గట్టి చలి అట. మూత మీది మంచు దులపలేదు. మంచు కూడా ఒక దుప్పటేలే అనుకున్నా.

జనవరి 22

ఏం జరిగిందో వరసగా రాస్తా, లేకపోతే వచ్చే ఏడాదికి మర్చిపోతాను.

రాత్రి పదకొండింటికి పెట్టెలో 38. ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నా. పొద్దున ఆరున్నరకి చూస్తే రాత్రి 1:50 నుంచి వరసగా అలర్ట్‌లు. బయట 8 (మైనస్ 13). పెట్టె లోపల 14 (మైనస్ 10). నైటీ మీద కోటు వేసుకుని బూట్లతో పరిగెత్తాను. దీపాలు ఆరిపోయి ఉన్నాయి. వెనక గోడకున్న జీఎఫ్‌సీఐ ప్లగ్, అదే, తడి తగిలితే షాక్ కొట్టకుండా తనంతట తాను కట్ అయ్యేది, ట్రిప్ అయి ఉంది. బటన్ నొక్కితే మళ్లీ ట్రిప్.

కారణం వెతకడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పెట్టె లోంచి వచ్చే వైరూ, ఎక్స్‌టెన్షన్ కార్డూ కలిసే జాయింటు నేలమీదే ఉంది. పెట్టె అడుగు సందులోంచి బయటికి వచ్చే వెచ్చటి గాలికి అక్కడి మంచు మాత్రమే కరిగి, చిన్న గుంట కట్టింది. జాయింటు ఆ గుంటలో మునిగింది. మైనస్ 13లో, పెరడంతా రాయిలా గడ్డకట్టి ఉన్నప్పుడు, నీళ్లు ఉన్నది ఆ అరచేతి మేరే. వైరు అక్కడే ఉంది.

అసలు దెబ్బ అది కూడా కాదు. మూత తీసి చూశా. కింద దీపాల వేడికి మూత మీది మంచు కొంచెం కొంచెం కరిగి, రెండు ముక్కలు కలిసే టేపు అతుకులోంచి లోపలికి కారింది. ఆ అతుకు సరిగ్గా మొవ్వు మీదుగా వచ్చింది. కరెంటు పోయాక ఆ నీళ్లు అక్కడే గడ్డకట్టాయి. మొవ్వు మొదట్లో, పీచుకీ లేతాకుకీ మధ్య, వేలు పొడుగున గాజులా ఐసు. దాని లోపల ఒక గాలిబుడగ కూడా కనిపించింది.

హెయిర్ డ్రయర్ తెద్దామని లోపలికి వచ్చి, మళ్లీ మనసు మార్చుకున్నా. ఒక్కసారిగా వేడి చేస్తే ఇంకా చెడుతుందేమోనని భయం. జాయింటు తుడిచి, ఆరబెట్టి, ఇటుకమీద ఎత్తి పెట్టి కరెంటు ఇచ్చాను. సాయంత్రానికి ఐసు కరిగింది. కాగితం తువ్వాలు పుల్లకి చుట్టి ఆ నీళ్లన్నీ పీల్చాను. ఆకులన్నీ పచ్చగానే ఉన్నాయి.

మార్చి 9

గడియారాలు గంట ముందుకు జరిపిన రోజు. పెట్టె విప్పేశాం.

ఆకుల కొసలు కొంచెం మాడాయి, అంతే. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. బొటనవేలూ చూపుడువేలూ మధ్య మొవ్వు పట్టుకుని, కొత్తిమీర కట్టలోంచి కాడ తీసేంత నెమ్మదిగా లాగాను.

వచ్చేసింది. అసలు ప్రతిఘటనే లేదు. పైన పచ్చగా, కింద నాలుగంగుళాలు గోధుమరంగులో మెత్తగా, నానబెట్టి మూడు రోజులు మర్చిపోయిన బియ్యం వాసనతో.

పామ్‌లకి మామూలుగా కొమ్మలు రావు. మామిడి కొమ్మ విరిగితే పక్కనుంచి చిగురు వేస్తుంది. విండ్‌మిల్‌కి ఎదిగే చోటు మాను లోపల ఒక్కటే, దాని నుంచే ప్రతి ఆకూ వస్తుంది. మొవ్వు ఊడినంత మాత్రాన ఆ చోటు చచ్చినట్టు లెక్క కాదు. కుళ్లు ఇంకా ఎంత లోతుకి దిగుతుందన్నదే ప్రశ్న.

బాబాయ్‌కి ఫోన్ చేశా. అక్కడ రాత్రి. మొవ్వు చేతికొచ్చిందని చెప్పగానే టీవీ కట్టేశాడు.

“వాసనొస్తోందా?”

“వస్తోంది బాబాయ్.”

“మొవ్వుకుళ్లే. కత్తితో కుళ్లినదంతా తీసెయ్, మంచి తెల్లకండ కనబడేదాకా. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూయి. పైన వాన పడకుండా ఏదన్నా బోర్లించు. మేం కుండ బోర్లించేవాళ్లం.”

మొవ్వుకుళ్లు గోదావరి వాళ్లకి కొత్త కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి తాటిచెట్లకి ఈ తెగులు సోకినప్పుడు బట్లర్ అనే ఐర్లండ్ శాస్త్రవేత్త దాని మీద పనిచేశాడు. ఆ తెగులు తెచ్చే సూక్ష్మజీవి ఫైటోఫ్తొరా పాల్మివోరా పేరులో ఆ పామ్‌లే ఉన్నాయి. నాకు వచ్చింది ఆ తెగులే అనను. నాది చలికి చచ్చిన కండలో తరవాత చేరిన కుళ్లు. అయినా వైద్యం మాత్రం దాదాపు ఒకటే: చచ్చింది తీసెయ్యడం, రాగి మందు వెయ్యడం, తడి తగలకుండా చూడడం.

సన్న కత్తితో గీకాను. లోతుకి కత్తి పోలేదు, ఇంకా కొయ్యడానికి ధైర్యం చాల్లేదు. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆ రంధ్రంలో పోస్తే బుసబుసా నురగొచ్చింది.  మూడు రోజులు ఇలాగే పోసి, నురగ తగ్గాక రాగి మందు పిచికారీ. మట్టికుండ ఎక్కడ దొరుకుతుంది, ఇడ్లీపిండి కలిపే పాత ప్లాస్టిక్ టబ్బు నాలుగు వెదురుకర్రల మీద ఏటవాలుగా బోర్లించాను. గాలి ఆడాలి, వాన పడకూడదు.

ఆ తరవాత మిగతా రెండింటి దగ్గరికి వెళ్లా. సబాల్ ఆకులు గోనెకి తగిలినచోట మాడాయి, మొవ్వు గట్టిగా ఉంది. నీడిల్ పామ్ మీద చలికాలమంతా నేను ఒక్క గుడ్డ కప్పలేదు, ఒక్కసారి మంచు దులపలేదు. ఆకులన్నీ నవంబరులో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మొవ్వు లాగబోతే నల్లటి ముల్లు వేలిలో దిగింది. దాని పేరు అందుకే మరి.

ఏప్రిల్ 13

ఏమీ లేదు. రంధ్రంలోకి టార్చి వేసి చూస్తున్నా, రోజుకి రెండుసార్లు. మా అబ్బాయి దీనికి “బావిలో చూడ్డం” అని పేరు పెట్టాడు.

మే 18

నెలంతా వానలే. టబ్బు లేకపోతే ఏమయ్యేదో.

రంధ్రం అడుగున, పక్కగా, లేత పసుపు రంగులో చిటికెన గోరంత ఏదో కనబడింది. పుల్లతో తాకితే గట్టిగా ఉంది. పక్కన ముదురు మట్ట మీద గీత గీశాను. దాని మీద గీయడానికి ఇంకా చోటే లేదు.

మే 31

బయటికొచ్చింది. ఆకు కొసలన్నీ ఎవరో కత్తెరతో అడ్డంగా కోసినట్టు ఉన్నాయి. లోపల ఉండగా కుళ్లు తిన్న భాగం అది. ఇంకో రెండాకులు ఇలాగే మొండిగా వస్తాయి, ఆ తరవాత నిండాకు. బాబాయ్‌కి ఫొటో పంపితే “ఉప్పేసి ఉంటే ఇంకా ముందొచ్చేది” అని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

జూన్ 22

వచ్చే చలికాలానికి మార్పులు: మూత ఒకే ముక్క, ఇంటికప్పులా వాలుగా. జాయింటు నేలకి రెండడుగుల ఎత్తున, వానపడని డబ్బాలో. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఆ ఒక్క అలర్ట్ మోగేలా సెట్టింగ్. మా ఆయన ఇంకొకటి చెప్పారు: పెట్టె మానేసి ఇంకో రెండు నీడిల్ పామ్‌లు కొనమని. లెక్క ప్రకారం ఆయన మాటే సరైంది. ఒకటి కొంటాను. విండ్‌మిల్‌కి పెట్టె కూడా కడతాను.

నీడిల్ పామ్ మొదట్లో ఆకుచెత్త పక్కకి తీస్తే రెండు పిలకలు, ముళ్లతో సహా.

విండ్‌మిల్ మొవ్వు, ఈ వారం: 4 సెంటీమీటర్లు.